ఎవరూ కూర్చోని సైకిలు

తెల్లాపూర్,
బుధవారం

ప్రియమైన తమ్ముడు కిరణ్ పాల్‌కు,

ప్రభువు కృప నీకు తోడుండాలి. శ్రమకాల ఉపవాసాలు మొదలయ్యాయి. ఈస్టర్ దాకా ఫోను ముట్టను. ఏమున్నా ఉత్తరం రాయి. గచ్చిబౌలికి క్యాబ్ నడిపే స్వామి అటూ ఇటూ మోస్తానన్నాడు.

నువ్వు గీసిన కిరాయి సైకిలును మీ కంపెనీ వాళ్లు పరీక్ష కోసం మా గేటు దగ్గర పెట్టి వెళ్లారు. తాళం లేదు, ఎవరైనా తీసుకోవచ్చట. సీటుకూ హ్యాండిలుకూ మధ్య బార్ కూడా లేదు. ఫ్రేము కిందికి వంగి మళ్లీ లేచింది, ప్రార్థనలో తల వంచి ఎత్తినట్టు. తెల్లవారుజామున మంచులో చూస్తే, ఎవరో తమ కలను అక్కడ మరిచిపోయినట్టుంది.

ప్రార్థిస్తూ,
నీ అక్క లీదియా

తా.క.: వాచ్‌మన్ మొగిలి టైరు నొక్కి చూసి కంగారు పడ్డాడు. "గాలి కొట్టే సందే లేదు. గిట్ల ఎట్ల పంపిన్రమ్మా?" అంటూ పంపు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు.

గచ్చిబౌలి,
సోమవారం

అక్కకు వందనాలు.

మొగిలిని పంపు దాచెయ్యమను. అది లోపలంతా తేనెపట్టులా గదులున్న రబ్బరు టైరు. గాలి అక్కర్లేదు, పంక్చరు రాదు.

నా బెంగ వేరు. సైకిలు ఎక్కడికెళ్లిందో, సీటు మీద బరువు పడిందో లేదో మాకు కంప్యూటర్లో కనిపిస్తుంది. రోజూ తెల్లవారగానే మీ చర్చి దాకా వెళ్తోంది, తిరిగొస్తోంది. సీటు మీద మాత్రం ఎవరూ లేరు! మా మేనేజరు విశ్వేశ్వరరావు గారు "తనంతట తనే ఆరాధనకు వెళ్తోందా?" అన్నారు. ఆ సీటు సంగతేంటో కొంచెం చూడు అక్కా.

నీ కిరణ్

తా.క.: ఆ మాట అన్నాక మేనేజరు గారు నవ్వలేదు.

తెల్లాపూర్,
గురువారం

ప్రియమైన తమ్ముడికి,

నీ మనసుకు శాంతి, సమాధానం కలగాలి. సీటు గురించి బెంగ వద్దు. ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. నేనే తోసుకుని వెళ్తున్నాను. నేనే తుడుస్తున్నాను.

చర్చి స్త్రీల సమాజంలో నీ సైకిలు కోసం ప్రార్థన చేయించాను. మా పై అంతస్తు జాయ్స్ సీటుకు తొడుగు కుట్టింది. కుచ్చులున్నాయి.

ప్రార్థిస్తూ,
అక్క

తా.క.: ఆఫీసుకు ఆలస్యమైందని ఒకాయన ఎక్కబోయాడు. మొగిలి పంపు చూపించాడు. ఆయన వెనక్కి తగ్గాడు.

గచ్చిబౌలి,
శుక్రవారం

అక్కకు వందనాలు.

కూర్చోవాలి అక్కా! ఎవరో ఒకరు కూర్చోవాలి! కూర్చోవడానికే చేశాం!

"చీర కట్టిన వాళ్లు ఎక్కరని తేలిపోయిందయ్యా. సోమవారం మీటింగులో పాత బార్ ఫ్రేమే ఖాయం చేసేద్దాం" అంటున్నారు విశ్వేశ్వరరావు గారు. అదే జరిగితే నా రెండేళ్ల పని చెత్తబుట్టలోకి.

ఆ ఫ్రేము ఎవరి కోసం గీశానో నీకెప్పుడూ చెప్పలేదు. బాపట్లలో నన్ను నాన్న సైకిలు మీద కూర్చోబెట్టి, బడి దాకా తోసుకుంటూ నడిచేదానివి. పరికిణీకి బార్ అడ్డం, అందుకే నువ్వు ఎక్కలేవు. ఆ బార్ తీసెయ్యాలని అప్పుడే అనుకున్నాను. తీశాక కూడా తోస్తున్నావా?

నీ కిరణ్

తా.క.: కుచ్చులు కంప్యూటర్లో కనిపించవు. దేవునికి స్తోత్రం.

తెల్లాపూర్,
ఆదివారం

ప్రియమైన తమ్ముడికి,

బార్ నాకెప్పుడూ అడ్డం కాలేదు. నిన్ను బడి దగ్గర దించాక, పరికిణీ ఎగదోపుకుని, అదే సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. వెళ్లేటప్పుడు సీటు మీద నువ్వుంటే నేనెక్కడ కూర్చోను?

ఇక్కడా అంతే. నీ సైకిలు కదా, సీటు నీకని ఉంచాను. మంచులో తోసుకుంటూ వెళ్తుంటే, నువ్వు కాళ్లూపుతూ కూర్చున్నట్టే ఉండేది. నా ఉదయ ప్రార్థన అదే.

ఈ ఉదయం కూర్చున్నాను. మీ కంప్యూటరు చూసే ఉంటుంది. నల్లగండ్ల చెరువు దాకా వెళ్లాను. అద్దాల భవనాలు సగం మంచులో కరిగిపోయి, సగం నీళ్లలో తేలుతున్నాయి. తొక్కడం ఆపినా సైకిలు పోతూనే ఉంది. దిగాలనిపించలేదు.

రేపటి నుంచి స్త్రీల సమాజమంతా వంతులేసుకుని ఎక్కుతుంది. మీ మేనేజరు గారికి చెప్పు, బార్ వద్దని. బార్ ఉన్నా నేనైతే ఎలాగైనా ఎక్కుతాను. జాయ్స్ వల్ల కాదు.

ప్రార్థిస్తూ,
అక్క

తా.క.: వెనక చక్రంలో చీర పడకుండా జాలీ పెట్టడం మరిచావు. తిరిగి గేటు దగ్గరికొచ్చేసరికి నా కొంగు అందులో చిక్కుకుంది. మొగిలి పంపును చక్రం సందులో పెట్టి ఎత్తి విడిపించాడు. తెచ్చినందుకు పనికొచ్చిందని చాలా సంతోషంగా ఉన్నాడు.