ఎత్తు ట్రైలర్ వద్దన్నాను

ఆదిలాబాద్ నుంచి

పద్మక్కకు నీ చెల్లె సుజాత దండాలు. నీ మోకాలు ఎట్లుంది? బావకు దగ్గు తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం ఒంటికి బాగానే ఉన్నాం, ఫికర్ చేయకు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు ఫోన్ ఎత్తితే బావ పక్కనే కూర్చుని వింటాడు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి.

ఇక్కడి చలి మన సిరిసిల్ల చలి కాదు. పొద్దున తొమ్మిదైనా మంచు విడవదు. జొన్నరొట్టె అలవాటైంది గానీ, ఇటు వచ్చేవాళ్లుంటే కొంచెం మామిడికాయ తొక్కు పంపించు. ఇంటామె మాటల్లో సగం మరాఠీ. ఎంఏ చదివి కూడా తల ఊపి ఊరుకుంటున్నాను. మీ మరిది పనికి పోతే నాతో మాట్లాడే మనిషే లేదు.

సొంత ట్రైలర్ కొని పెద్ద మిషన్లు మోసే పని మొదలుపెడదామనే కదా వచ్చాం. ఏది కొనాలో ఇన్నాళ్లూ తేలలేదు. ఒకటి ఛాతీ ఎత్తున ఉండే మామూలు ట్రైలర్, ఇంకొకటి మోకాళ్లకు కొంచెం పైన ఉండే లోబెడ్. మీ మరిది ఎత్తుదానికే మొగ్గాడు. "లోబెడ్ల మిషన్ తప్ప ఇంకేం తోలుతం? మిషన్ లేని దినం నిలవెట్టి సూసుకుంట కూసోవాల్నా? గిదైతే ఇనుమైనా ఇటుకైనా ఎక్కుతది. రాజన్నకు సుత పని దొరుకుతది" అన్నాడు.

రాజన్న బావకు చెప్పిన పని అదే అక్కా. ఎత్తు ట్రైలర్ మీద మట్టి తవ్వే మిషన్ ఎక్కిస్తే దాని నెత్తి కరెంటు తీగలకు తగులుతుంది. ఒక మనిషి పైన కూర్చుని వెదురు కర్రతో తీగ లేపితే కింద బండి మెల్లగా దాటుతుంది. మగ్గాల మోత కంటే నయమని మీకు చెప్పింది నేనే. పని చూడకుండానే చెప్పాను.

పోయిన వారం చూశాను. మీ మరిది కిరాయికి తోలే బండిలో నేనూ పోయాను. పైన లచ్చన్న అనే పెద్దమనిషి. "సూడు చెల్లే, సర్పంచుకు సుత గింత ఎత్తు కుర్సీ లేదు" అని నవ్వించాడు. ఊరు వచ్చేముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించాలి. ఆ రోజు ఫోన్ చేసింది నేను. ఊరి లైన్ ఆపమన్నాను, ఆపాడు. ఇండ్లలో దీపాలు పోవడం చూసి "బంద్ అయింది, పోనియ్యున్రి" అని అరిచిందీ నేనే. ఊరు దాటగానే దారికి అడ్డంగా ఉన్న తీగ పొలాల మోటర్లది. దాని లైన్ వేరే. అది నడుస్తూనే ఉంది. కర్ర మంచుకు తడిసి ఉంది. లచ్చన్న కింద పడేసరికే ప్రాణం లేదు.

"రబ్బరు తొడుగులు కొందం, రాజన్న జర పైలంగ ఉంటడు" అంటాడు మీ మరిది. లచ్చన్న పైలంగా లేడా?

లోబెడ్ తప్ప ఏ ట్రైలరూ నా పేరు మీద రాయించనని నిన్న మీ మరిదికి చెప్పేశాను. అందులో మిషన్ కిందికి కూర్చుంటుంది, పైన మనిషి అక్కర్లేదు. అంటే బావకు పని లేదు. రైల్వే గేట్ల దగ్గర దాని పొట్ట నేలకు రాస్తుందంటున్నారు, ఎన్ని రోజులు ఖాళీగా నిలబడుతుందో తెలియదు. నేను చేసింది సరైందో కాదో కూడా తెలియదు. బావ సేటుకు చెప్పి మగ్గం విడిచాడని, గురువారం ఇటు బయలుదేరుతున్నాడని విన్నాను. మళ్లీ పోయి అడగమని చెప్పే నోరు నాకు లేదు, నువ్వే చెప్పాలి.

ఫోన్ చేసింది నేనని లచ్చన్న భార్యకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నీకు రాశాక ధైర్యం వస్తుందేమోనని చూస్తున్నాను.

అత్తమ్మకు దండాలు చెప్పు. పిల్లలను ఒకసారి నా పేరున దగ్గరికి తీసుకో. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కోపం తగ్గినప్పుడు దీవించు. బావను మాత్రం గురువారం బస్సు ఎక్కనీయకు.

నీ చెల్లె
సుజాత