లెట్యూస్ మడి మీది కిటికీ

గ్రాట్స్, లెండ్ పేట
మార్చి 4

గెర్లిందా,

ఇక్కడ అందరం కులాసా. మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయిస్తున్నారన్నది ఉత్త మాట, కంగారుపడకు. మన ఇంటిని రక్షిత కట్టడాల్లో చేర్చారు, అంతే.

నిన్న ఆ కట్టడాల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మెట్లు బాగున్నాయంది, వసారా బాగుందంది. వంటింట్లో కొత్త ప్లాస్టిక్ ఫ్రేము కిటికీ చూసి ఆగిపోయింది.

"పాతదేదండీ?"

మీ బావకి నోరు ఊరుకోదుగా. "మా మరదలు పట్టుకెళ్ళి లెట్యూస్ ఆకుకూర మడికి చలి తగలకుండా మూతేసుకుందండీ" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. "లెట్యూస్‌కి ఇంకేదైనా కప్పుకోమనండి. ఆ కిటికీ మళ్ళీ ఇక్కడే ఉండాలి" అంది.

కాబట్టి రెండు రెక్కలూ దుప్పట్లో చుట్టి మీ ఆయన బండిలో పంపు. అద్దం జాగ్రత్త. మడి మీద గోనెపట్టా కప్పుకో. మీ అత్తగారి మోకాలు ఎలా ఉంది? గుమ్మడిగింజల నూనె అయిపోయింది, ఒక సీసా కూడా పంపు.

ఆ పాత కిటికీ సందుల్లోంచి మళ్ళీ చలిగాలి కొడుతుందని మీ బావ సణుగుతున్నాడు. కొట్టనీ. నీ చిన్నప్పుడు అమ్మ నిన్నెత్తుకుని ఆ కిటికీకున్న అలలు తేలిన పాత అద్దం ముందు ఊపితే, బయట చర్చి గోపురం వంకర్లు తిరిగేది, నువ్వు ఏడుపు మానేసేదానివి. మొన్న నా మనవరాలు ఏడుస్తుంటే నేనూ చాలాసేపు ఊపాను. కొత్త అద్దంలో గోపురం కదల్లేదు.

అందరికీ దీవెనలతో,
అక్క నోట్‌బుర్గ