పండుగప్ప కన్ను

గుణదల,
ఆదివారం సాయంత్రం.

అన్నయ్యకి,
వేళ్ళ నిండా పెన్సిలు నలుపుతో నీ చెల్లెలు నాగలక్ష్మి నమస్కారాలు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. యాభై దాటాక బొమ్మల క్లాసులో చేరానని చెప్పాను కదా, అక్కడి రూలు ఇది. మా సిద్ధార్థ మాస్టారు వయసులో నీ కొడుకు మణికుమార్ అంతే ఉంటారు, అయినా మాస్టారు మాస్టారే. ఒక్కో ప్రాజెక్టు అయ్యాక ఏం చూశామో, ఏం తెలిసిందో మనవాళ్ళెవరికైనా చేత్తో రాసి పంపాలట. నాకు నువ్వే తట్టావు.

మొదటి ప్రాజెక్టు, కాగితం వంక చూడకుండా మన చెయ్యి మనమే గీయడం. నాది అల్లం కొమ్ములా వచ్చింది. అలాగే రావాలట, మాస్టారు మెచ్చుకున్నారు. రెండోది కుర్చీ. కుర్చీని గీయకూడదు, దాని కాళ్ళ మధ్య ఖాళీలు మాత్రమే గీయాలి, కుర్చీ దానంతటదే వస్తుంది. నిజంగానే వచ్చిందన్నయ్యా. మా ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, దీంట్లో కూర్చోవాలంటే భయమేస్తోందన్నారు.

మూడోది ఇంటి దగ్గర ఒక వస్తువుని ఎదురుగా పెట్టుకుని గీయడం. అందరూ యాపిల్ పళ్ళు పెట్టుకున్నారు. నేను నువ్వు పంపిన పండుగప్ప చేపని పెట్టుకున్నాను. మణికుమార్ బెంజి సర్కిల్ దగ్గర గంగాధర్ బావ వ్యానులోంచి పెట్టె దించుకుని, బండి మీద తెచ్చిచ్చాడు. చేప అనుకోవద్దు, గీతలూ నీడలూ అనుకుని చూడండన్నారు మాస్టారు. అలాగే చూశాను. కాసేపటికి అది చేపన్న సంగతే మర్చిపోయాను. ఏం కనిపిస్తే అది దించాను. జిరాక్సు ఇందులో పెట్టాను, చూడు.

నెలాఖరుకి ఎగ్జిబిషన్. మనిషికి ఒక్క బొమ్మే గోడకి పెడతారు. నాది ఈ చేపే కావాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఉంటాను,
నాగలక్ష్మి

తా.క. అంతసేపు దాని మొహం చూశాక కోసి పులుసు పెట్టడానికి చేతులు రాలేదు. పిల్లికి వేశాను. అది వాసన చూసి వెళ్ళిపోయింది. బెజవాడ పిల్లులకి పొగరు బాగా ఎక్కువైంది.

*

నాగాయలంక,
బుధవారం.

లక్ష్మికి,
పెద్దబ్బాయి అన్నయ్య దీవెనలు. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

బొమ్మ చూశాను. ఆ చేప నేను పంపింది కాదు.

నేను పెట్టెలో పెట్టింది అప్పుడే పడవ దిగింది. కన్ను గాజుగోళీలా ఉంది. నీ బొమ్మలో కన్ను లోపలికి పోయి తెల్లబడింది. తోక అంచు ఎండి ముడుచుకుంది. పొట్ట జారింది. అది ఐసులో పడుకుని పడుకుని విసిగిపోయిన చేప. పుట్టింటివాళ్ళు పాచి చేప పంపారని నోటితో అనలేక, బొమ్మ గీసి తెలియజేశావని నాకు అర్థమైంది. నీ మర్యాదకి మీ వదిన కళ్ళు తుడుచుకుంది.

దారిలో దాన్ని మార్చగలిగేవాడు వ్యాను తోలే గంగాధర్ ఒక్కడే. చిన్నప్పట్నుంచి బావా బావా అనుకుంటూ ఒకే పడవ మీద తిరిగాం. వాడి కూతురు హేమ అక్కడే బెజవాడలో నర్సుగా చేస్తోంది కదా, మన మణికుమార్‌కి చేసుకుందామని మాట కూడా ఇచ్చాను. చేపని మార్చినవాడు ముహూర్తాన్ని మార్చడని ఏమిటి నమ్మకం? నిన్న రేవులో నలుగురి ముందూ కడిగేశాను. సంబంధం వద్దన్నాను.

నువ్వేం దిగులు పడకు.

ఇట్లు,
నీ పక్షాన నిలబడ్డ అన్నయ్య

తా.క. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. గంగాధర్ చేతికిస్తే దీన్ని కూడా మార్చేస్తాడు.

*

గుణదల,
శనివారం.

అన్నయ్యకి,
సంబరమూ కంగారూ కలిసి కాలు నిలవక రాస్తున్న నీ చెల్లెలు.

దాచడమెందుకు, నీ ఉత్తరం చదివి ముందు గంతేశాను. నా బొమ్మని నిజం చేప అనుకుని, నిజం మనిషితో పోట్లాడావు. నేర్చుకుంటున్నవాళ్ళలో ఇంత గౌరవం ఎవరికి దక్కింది చెప్పు. వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ చదువుకున్నాను. అప్పుడు హేమ గుర్తొచ్చి వెంటనే నీకు ఫోన్ చేశాను.

నేను ఫిర్యాదు చేయలేదన్నయ్యా, బొమ్మ గీశానంతే. నువ్వు ఫోను ఎత్తడం లేదు. గంగాధర్ బావ ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని అడిగి పెట్టేశాడు. ఆయన మార్చే మనిషి కాదు. కన్ను దగ్గర నేనే రబ్బరు కాస్త ఎక్కువ రుద్దానేమో.

ఇక్కడా అదే గొడవ. మాస్టారు బొమ్మ చూసి, చేప కన్ను ఇలా ఉండదండీ, ఇది చూసి గీసింది కాదు, ఊహించింది అన్నారు. ఎగ్జిబిషన్‌కి అల్లం కొమ్ము చెయ్యి పెట్టమంటున్నారు. చూసే గీశానని ఎంత చెప్పినా నవ్వుతారు. ఇంటికొచ్చి ఏడ్చాను.

నీ
నాగలక్ష్మి

తా.క. సంబంధం తప్పిపోయేలా ఉందని మణికుమార్‌కి చెప్పాను. కాఫీ కూడా తాగకుండా తల వంచుకుని వెళ్ళిపోయాడు. పాపం, హేమంటే వాడికి ఎంత ప్రేమో.

*

నాగాయలంక,
మంగళవారం.

లక్ష్మికి,
మనసు బండ చేసుకున్న అన్నయ్య దీవెనలు.

ఫోను ఎత్తను. నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. రుద్దానేమో అంటే ఇక్కడ కుదరదు. వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటున్నారు. బొమ్మ నిజమైతే గంగాధర్ దొంగ, వాడితో వియ్యం లేదు. బొమ్మ తప్పైతే నేను వాడి చేతులు పట్టుకుని క్షమించమంటాను. ఏదో ఒకటి నీ చేత్తో రాసి పంపు. అందరి ముందూ చదివిస్తాను.

ఇట్లు,
అన్నయ్య

తా.క. బొమ్మని రేవులో అందరికీ చూపించాను. చేప పాతదన్న దగ్గర ఒక్కరు కూడా కాదనలేదు. బరువెంత ఉంటుందన్న దగ్గరే మాటా మాటా వచ్చింది.

*

గుణదల,
గురువారం.

నాగాయలంక పెద్దలందరికీ,
మీ ఊరి ఆడపడుచు నాగలక్ష్మి చేతులు జోడించి విన్నవించుకుంటున్నది.

నాకు బొమ్మలు రావు. ఈ మధ్యనే మొదలుపెట్టాను. పండుగప్ప కన్ను నేనే చెడగొట్టాను. తోక ముడుచుకోవడం నా చేతి వణుకు. పొట్ట జారలేదు, నా పెన్సిలు జారింది. గంగాధర్ బావ తెచ్చింది లక్షణమైన చేప. నాకు చేతకాని పనివల్ల ఒక మంచి మనిషికి మాట వచ్చింది. ఆయనా, మా అన్నయ్యా నన్ను క్షమించాలి. పిల్లల పెళ్ళి ఆపవద్దు.

ఇట్లు,
నాగలక్ష్మి

తా.క. అన్నయ్యా, ఈ కింది ముక్క నీ ఒక్కడికే, చదివించకు. ఆ కన్ను దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. అక్కడ ఏం కనిపించిందో అదే గీశాను. జన్మలో మొదటిసారి ఒక వస్తువుని నిజంగా చూశాననిపించింది. పోనీలే, హేమ పెళ్ళి కంటే నా బొమ్మ గొప్పదేం కాదు. ఎగ్జిబిషన్‌కి అల్లం కొమ్ము ఇచ్చేశాను.

*

నాగాయలంక,
ఆదివారం.

మా చిత్రకారిణికి,
సిగ్గుతో, సంతోషంతో అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం సొసైటీ గుమాస్తా చేత చదివించాను. ఆయన చదవడం మొదలుపెడితే ఆగే మనిషి కాదు. చదివించకు అన్న మాటతో సహా, చివరి ముక్కంతా గట్టిగా చదివేశాడు. మీ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి గంగాధర్ చేతులు పట్టుకోబోతుంటే వెనక నుంచి, పొద్దున్నే బెజవాడ బస్సు దిగిన మణికుమార్ లేచాడు.

"అత్త బొమ్మ తప్పు కాదు నాన్నా. చేపే వేరు," అన్నాడు.

ఊరి చేప తిని ఎన్నాళ్ళయిందోనని హేమ అందిట. ఈ వెధవ బెంజి సర్కిల్ దగ్గర పెట్టె దించుకుని, నేను పంపిన పండుగప్పని తిన్నగా ఆ పిల్ల గదికి చేర్చాడు. మార్కెట్లో మిగిలిపోయినదాన్ని ఒకటి కొని నీకు తెచ్చాడు. అత్త పులుసులో వేసేస్తుంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడట. నువ్వు దాన్ని కూర్చోబెట్టి బొమ్మ గీస్తావని వాడెలా ఊహిస్తాడు? ఇన్నాళ్ళూ భయపడి నోరెత్తలేదు. బొమ్మలు రావని నువ్వు రాసింది విన్నాక ఉండలేకపోయాడు.

ఈసారి గంగాధర్ లేచాడు. పెళ్ళి కాకుండా నా కూతురి గదికెందుకు వెళ్ళావని వాడు సంబంధం వద్దనబోయాడు. గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చాడనీ, ఆ గదిలో ఉండే నర్సు పిల్లలందరూ కలిసి తిన్నారనీ తేలాక చల్లబడ్డాడు. వాడి చేతులు నేనూ, నా చేతులు వాడూ పట్టుకున్నాం. మాఘమాసంలో ముహూర్తం.

ఇక నీ సంగతి. చేపల ఇంట్లో పుట్టి పాచి చేపని గుర్తుపట్టలేకపోయావు. అయినా నీ చెయ్యి గుర్తుపట్టింది. మీ మాస్టారికి నా మాటగా చెప్పు, ఆ కన్ను సరిగ్గా ఉంది. ఐసులో మగ్గిన పండుగప్ప కన్ను అలాగే ఉంటుంది. ఆయన నమ్మకపోతే ఎగ్జిబిషన్ రోజు నేనూ గంగాధరూ తాజాది ఒకటి, పాచిది ఒకటి పట్టుకొచ్చి ఆయన బల్ల మీద పక్కపక్కన పెడతాం. బొమ్మ గోడకి ఎక్కేదాకా తీయం.

చేతకాదని మళ్ళీ ఎక్కడా రాయకు. నాకు కోపం వస్తుంది.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. పెళ్ళికి వచ్చినప్పుడు తన బొమ్మ కూడా గీయించమని మీ వదిన పోరుతోంది. నువ్వు మాత్రం ఒప్పుకోకు. ఏది ఎలా ఉంటే అలాగే గీస్తావని ఊరంతటికీ తెలిసిపోయింది.