ధూమిని నడుమున తాళాలున్నాయా?

బద్యా తండా,
బూర్గంపాడు పోస్టు,
2 ఏప్రిల్ 1984

'సప్తగుహల శాసనం' పాఠకాభిమానుల సంఘం అధ్యక్షులు శ్రీ వెంకటనారాయణ గారికి, లాలి నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందే చెబుతాను. మన నవలను సినిమా తీసేవారు పోయిన వారం పత్రికలో పాత్రల బొమ్మలు వేయించారు. ఆ బొమ్మల వల్ల మా చెల్లెలు ద్వాలి చదువు మొదలవకుండానే ఆగిపోయేలా ఉంది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. భద్రాచలం హాస్టల్లో ఉండి పది పాసయ్యాను. ఇప్పుడు తండాలో బాల్వాడీ నడుపుతున్నాను. సీరియల్ వచ్చిన మూడేళ్లూ ప్రతి శుక్రవారం పత్రిక తెచ్చి, అక్షరం పొల్లు పోకుండా మా భాషలోకి మార్చి అందరికీ వినిపించాను. మంత్రగత్తె ధూమిని అంటే ఇక్కడ అందరికీ ప్రాణం. ఆమెకు డెబ్భై ఏళ్లు. మోచేతులు దాటి దంతపు గాజులు, జుట్టుకు వేలాడే వెండి బిళ్లలు, అద్దాల లంగా, నోట్లో చుట్ట. కోపం వస్తే ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది.

బొమ్మలో ధూమినికి ఇరవై ఏళ్లు. ఒంటినిండా నెమలి ఈకలు. ఆ నడుము చూస్తే రెండు రోజులుగా అన్నం తిన్న మనిషిలా లేదు. మా తండా పెద్ద, నాయక్ మంగీలాల్ పత్రికను అటూ ఇటూ తిప్పి చూసి నన్ను పిలిచాడు.

"ఏందే లాలీ, మూడేండ్ల సంది నువ్వు చదివింది ఈ పోరి గురించేనా? బొమ్మ ఏసినోడు తప్పా, నువ్వు తప్పా? చదువుకొని గిట్ల లేనిపోనివి చెప్పేటట్టయితే ద్వాలిని బడికి పంపుడెందుకు? మేకలకాడికే పోనీ."

జూన్‌లో ద్వాలిని ఆశ్రమ పాఠశాలలో చేర్పించాలి. మా నాన్న మోతీలాల్, ఆ నాయక్ మాట దాటడు. కాబట్టి నేను చదివిందే సరైనదనీ, బొమ్మే తప్పనీ సంఘం తరఫున ఒక కాగితం రాసి పంపగలరు. సినిమావారు కూడా అభిప్రాయాలను మే 31లోపు సంఘాల ద్వారానే పంపమన్నారు. మా ధూమిని గురించి వారికీ ఒక మాట రాయండి.

ఇట్లు,
లాలి

తా.క. కాగితం మీద ముద్ర పెద్దదిగా, నీలం రంగులో వేయించండి. నాయక్‌కు చదవడం రాదు కానీ ముద్ర అంటే గౌరవం.

సత్తుపల్లి,
10 ఏప్రిల్ 1984

చి. లాలికి, వెంకటనారాయణ ఆశీర్వదించి రాయించునది.

నీ ఉత్తరం చేరింది. అడవి అంచున కూడా మన నవలకు అభిమానులున్నారని తెలిసి మా సంఘం పదకొండుమంది సభ్యులూ సంతోషించారు. వారిలో ఏడుగురు మా బంధువులే. అయినా సంతోషం నిజమైనదే.

బొమ్మ తప్పన్నావు. నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటున్నాను. పెన్సిల్‌లా ఉన్న ఆ పిల్లను చూసి రాజకుమారుడు మూర్ఛపోవడమేమిటి?

కానీ అమ్మాయీ, నీ ధూమినీ తప్పే! చుట్ట ఎక్కడిది? అద్దాల లంగా ఎక్కడిది? ధూమిని తెల్లటి నేతచీర కడుతుంది. నడుమున తాళాల గుత్తి ఉంటుంది. ఆమెకన్నా ముందు ఆ చప్పుడు వస్తుంది. అది వినగానే గుహలో ఉన్నవాళ్లంతా నోట్లో ఉన్నది గబుక్కున మింగి, పనిలో మునిగినట్టు నటిస్తారు. పాలలో వేలు ముంచి నీళ్లు ఎన్ని కలిశాయో చెప్పగల శక్తి ఆమెది. రాక్షసుడి భార్య ఎంతో కష్టపడి కూర వండితే, ఒక్క ముద్ద రుచి చూసి, ఏమీ అనకుండా గిన్నెను పక్కకు జరుపుతుంది. అంతకు మించిన క్రూరత్వం నేను ఏ నవలలోనూ వినలేదు.

వినలేదు అని ఎందుకన్నానంటే, నాలుగేళ్లుగా నా కళ్లకు శుక్లాలు. శివరాత్రికి ఆపరేషన్ అయినా డాక్టరు ఇంకా చదవనివ్వడం లేదు. సీరియల్ మొత్తం మా ఆవిడ నిర్మలాదేవే అక్షరం పొల్లు పోకుండా చదివి వినిపించింది. కనుక పొరపాటుకు తావు లేదు.

తప్పుగా చదివినదానికి సంఘం ముద్ర వేయలేను. ఏమీ అనుకోకు.

ఇట్లు,
వెంకటనారాయణ, అధ్యక్షుడు

తా.క. ఆయన చెప్పగా ఇది రాసిన నేను నిర్మలాదేవిని. కూర గిన్నె దగ్గర ఆయన ఆవేశంగా బల్ల గుద్దారు, ఆ సిరా మరక అదే. ఇంకా రాయాలని ఉంది కానీ మా అత్తగారు ఇటే వస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

బద్యా తండా,
19 ఏప్రిల్ 1984

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, లాలి నమస్కారాలతో రాయునది.

మీ ఉత్తరం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి ఉంటే బాగుండేది. పోస్ట్‌మన్ పగిడయ్య సైకిల్ దిగకముందే "లాలీ, నీకు సత్తుపల్లి నుంచి ఫైసలా వచ్చింది!" అని కేక వేశాడు. అందరూ చేరారు. చదవక తప్పలేదు. చదివాను, ముద్ర వేయలేనన్న మాటతో సహా.

మా దాదీ, అంటే నాన్నను కన్న సైదమ్మ, అందరికన్నా ముందు లేచింది. ఆమె అన్నది ఉన్నదున్నట్టు రాయమంది. "నడుముకు తాళాలు కట్టుకునేది మంత్రగత్తెనా, గోడౌన్ కాపలాదా? మంత్రం వచ్చినదానికి తాళమెందుకు?"

పక్కింటి జంపక్క అందుకుంది. "గిన్నె పక్కకు జరిపితే క్రూరమా? మా అత్త గిన్నె నా మీదికే ఇసిరేది. నా మీద ఎవ్వరూ నవల రాయకపాయె."

నాయక్ మాత్రం నవ్వలేదు. "మొన్న రెండుండె, ఇయ్యాల మూడైనయ్ ధూమినులు. ద్వాలి సంగతి ఇగ ఎత్తకుండ్రి" అన్నాడు. ద్వాలి కర్ర తీసుకుని మేకల వెనక వెళ్లిపోయింది.

అయ్యా, కోపగించుకోకండి. మీరు విన్నారు, నేను కళ్లారా చదివాను. సీరియల్ కాగితాలన్నీ మా ఇంటి లోపలి గోడకు వరసగా అంటించి ఉన్నాయి. ధూమిని మొదటిసారి గుహ దాటి వచ్చే ముప్పై ఏడో వారం మాత్రం జొన్నల గుమ్మి వెనకాల పడింది. గుమ్మి నిండా జొన్నలున్నాయి, నలుగురు పట్టినా కదలదు. లేకపోతే ఈ పాటికి సాక్ష్యం మీ ముందుండేది. దయచేసి మీ పుస్తకం ఒక్కసారి తెరిపించి చూడండి.

విధేయురాలు,
లాలి

తా.క. దాదీ అన్నది ఉన్నదున్నట్టు రాశానని పైన రాశాను. కొన్ని మాటలు వదిలేశాను.

సత్తుపల్లి,
28 ఏప్రిల్ 1984

కుమారి లాలికి, అధ్యక్షుడు వెంకటనారాయణ రాయించునది.

నీ ఉత్తరం వరండాలో చదివించుకున్నాను. అదే పొరపాటైంది. 'గోడౌన్ కాపలా' అన్న మాట మా అమ్మ పున్నమ్మ చెవిన పడింది. ఎన్నడూ నవలల జోలికి రాని మా అమ్మ చేతిలోని చింతపండు పక్కన పెట్టి, "తాళాలు నడుమున పెట్టుకుంటే తప్పేంట్రా? కొంప చూసుకునేది ఎవరు? ఆ ధూమిని ఎవరో గానీ బుద్ధిమంతురాలు. అలాంటి మనిషి ఇంటికొకరు ఉండాలి" అంది. ఒక నవల గురించి మా ఇంట్లో ఇంత ఏకాభిప్రాయం కుదరడం ఇదే మొదటిసారి. మా ఆవిడకు మాత్రం ఎందుకో పొలమారింది.

పుస్తకం తెరిపించమన్నావు. బైండు చేయించి బీరువాలో పెట్టాం. తీయమంటే మా ఆవిడ తాళంచెవి కనిపించడం లేదంటోంది. మా అమ్మ గుత్తిలో ఇరవై రెండు తాళంచెవులున్నాయి. సరిగ్గా అదొక్కటే లేదట!

కనుక సాక్ష్యం చూపించే బాధ్యత నీదే. మే 15లోపు నీ గోడ మీది వాక్యం యథాతథంగా రాసి పంపు. చుట్ట, గాజులు అందులో ఉంటే ఒకటి కాదు, మూడు ముద్రలు వేస్తాను. లేకపోతే ఫలానా తండాలో నవలను తప్పుగా చదువుతున్నారని పత్రికకు రాయవలసి వస్తుంది.

ఇట్లు,
వెంకటనారాయణ

తా.క. అమ్మాయీ, నేను నిర్మలాదేవిని. జొన్నల గుమ్మి చాలా బరువు. జరపకు, నడుం పట్టేస్తుంది. నీ మేలు కోరి చెబుతున్నాను.

బద్యా తండా,
8 మే 1984

అధ్యక్షుల వారికి, లాలి తలవంచి రాయునది.

గుమ్మి జరిపాం. నేను చెప్పిన ధూమిని నవలలో లేదు. చుట్ట లేదు, గాజులు లేవు, అద్దాలూ లేవు. తప్పు నాదే, క్షమించండి. మీరు పత్రికకు రాయకముందే ఈ సంగతి తండాలో అందరినీ కూర్చోబెట్టి నేనే చెప్పాను.

ఒక్క మనవి. సినిమావారికి మన సంఘం తరఫున ఇలా రాద్దాం. ధూమిని ముఖం తెర మీద చూపించవద్దు. గుహ ముందర పొగ లేవాలి. ఆ పొగలోంచి గాజుల చప్పుడు, దానితోపాటు తాళాల చప్పుడు రావాలి. రాజకుమారుడు మూర్ఛపోవాలి. ఎవరి ధూమిని వారికి కనిపిస్తుంది. నెమలి ఈకలు నెమళ్లకే ఉండనివ్వాలి.

మీకు సమ్మతమైతే కింద సంతకం చేసి పంపండి.

విధేయురాలు,
లాలి

తా.క. ఇది నిర్మలాదేవి గారికి మాత్రమే. అమ్మా, ఇక్కడి నుంచి ఆయనకు వినిపించకండి, మనసులోనే చదువుకోండి.

ముప్పై ఏడో వారంలో ఉన్నది ఇంతే: 'గుహలోంచి ధూమిని బయటికి వచ్చింది. ఆమె రూపం ఇలా ఉందని చెప్పడానికి లోకంలో మాటలు లేవు.' తరవాత అన్ని వారాలూ వెతికాను. రచయిత ఆమె గురించి మరొక్క ముక్క రాయలేదు. ఈ సంగతి మీకు ముందే తెలుసని నాకిప్పుడు అర్థమైంది.

ఆ శుక్రవారం నాకు గుర్తొచ్చింది. ఆ వాక్యం చదవగానే జంపక్క, "మాటల్లేకుంటే రాసుడెందుకు? చూసినోడు చెప్పాలె గద!" అని పట్టుబట్టింది. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. చదువుకున్నదాన్ని, చెప్పలేనంటే ఎలా? ఎదురుగా దాదీ కూర్చుని చుట్ట కాలుస్తోంది. ఎదురుగా ఉన్నదే చెప్పేశాను. వారం వారం చెప్పగా చెప్పగా, పుస్తకంలోనే చదివానని నేనే నమ్మాను. మీ ఇంట్లోనూ ఎదురుగా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు కదమ్మా. ఆ పేరు నేను అడగను, మీరు చెప్పవద్దు.

ఆ వాక్యం తండాలో మూడుసార్లు చదివాను. ద్వాలి నావైపు చూడలేదు. దాదీ ఎడమ కనుబొమ్మ లేచింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"గది నేనేనని మొదటి వారమే తెల్సు. అడిగితే తీసేస్తవని ఊకున్న" అంది దాదీ.

నాయక్ చాలాసేపు గడ్డం గోక్కుని చివరికి తీర్పు చెప్పాడు. "ఒక్కతికే చదువొస్తే గిట్లనే అయితది. అది ఏం చెప్తే గదే మనకు పుస్తకం. పక్కన కూసొని కాగితం చూసేటోళ్లు ఇంకొకలుండాలె. మోతీలాల్, ద్వాలిని బడికి పంపు."

"అక్కాచెల్లెండ్లు ఒక్కటైతే?" అంది జంపక్క.

నాయక్ మళ్లీ ఆలోచించాడు. "అవ్, గదీ నిజమే. గట్లయితే నీ బిడ్డను గూడ పంపు. ఇద్దరికీ కాపలాగ గా చివరింటి తుల్సీరాం బిడ్డ."

జూన్ 11న ముగ్గురినీ నేనే భద్రాచలం తీసుకెళ్లి చేర్పిస్తాను. ముద్ర కాగితం ఇక అవసరం లేదు. ద్వాలి మాత్రం ఇప్పటి నుంచే నా పక్కన కూర్చుని, రాని అక్షరాల మీద వేలు పెట్టి "ఇదేంది? నిజంగ గదేనా?" అని నిలదీస్తోంది.

మీ బీరువా తాళంచెవి ఎక్కడుందో నేను అడగను. కానీ డాక్టరు ఆయనను చదవనిచ్చే రోజు వస్తుంది. ఆలోగా ఒక మంచి గుమ్మి చూసుకోండి.

సినిమావారికి వేళకు అందాలి కాబట్టి మే 22లోగా జవాబు చేరేలా రాయండి. ఆయన చెప్పింది ఒక కాగితం మీద, మీరు చెప్పదలచుకున్నది ఇంకొక కాగితం మీద.