చెద తిన్న నాన్న ఫోటో

గాజువాక,
మార్చి 2003

అక్కా, ఇక్కడ అందరం కులాసా. చెద తిన్న నాన్న ఫోటోను బాగుచేయించడానికి వన్ టౌన్‌లో ఒక స్టూడియోకి తీసుకెళ్లాను. అక్కడాయన కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసి, "మనిషి పోయినాక కుర్సీలో కూకోబెట్టి తీసిన ఫోటో సార్ ఇది. కళ్లు తెరిసీమంటారా? తలని ఎనక నుంచి ఎవరో సేత్తో పట్టుకున్నారు. అది సెరిపీమంటారా?" అన్నాడు.

వంగి కంప్యూటర్‌లోకి చూశాను. తల వెనకున్న చేతికి వంకర చిటికెనవేలు, అది అమ్మదే. నాన్న పోయేనాటికి నాకు ఊహ తెలియదు, నీకైనా తెలుసా? రోజూ దండం పెట్టుకునే ఫోటో కదక్కా! కళ్లూ చెయ్యీ ముట్టుకోవద్దని, చెద మరకలు మాత్రమే తీయమన్నాను.

అమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడు? ఇటు వచ్చేవాళ్లుంటే కొత్త చింతపండు పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఈ కార్డు అమ్మకు చదివి వినిపించకు. ఫోటో బాగా వచ్చిందని మాత్రం చెప్పు.

నీ తమ్ముడు,
జోగారావు