మంట దగ్గర నేనే ఉంటాను

గెవోండ్ పెదనాన్నకు,

మీ ఉత్తరం అందింది. ఆడపిల్లనై ఉండి అతిథి ముందు మాంసం కాల్చి ఇంటి పరువు తీశానన్నారు. పరదేశీ అతిథులకు నేను అద్దెకిచ్చే విడిది గది మూసేయమన్నారు.

ఆ రోజు నాన్న కొండ మీద గొర్రెల దగ్గరున్నారు. పరదేశం నుంచి వచ్చిన ఆవిడకు వట్టి లవాష్ రొట్టె పెట్టమంటారా? పొయ్యిలో ద్రాక్షతీగ పుల్లలు నేనే అంటించాను.

మాంసం గుచ్చిన ఊచలు తిప్పుతుంటే నానమ్మ, "మీసాలెప్పుడు మొలిచాయే నీకు?" అంది.

"తిని చూడు, నీకూ మొలుస్తాయి," అన్నాను.

తింది. మరో ముక్క అడిగింది.

"ఆర్మేనియాలో మాంసం మగవాళ్ళే కాలుస్తారని విన్నానే!" అంది అతిథి. నేను నోరు తెరిచేలోపే నానమ్మ, "నిన్నటిదాకా," అంది.

మన ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. ఆ చదువుతో తెరిచిన గదిని మూయను. ఆదివారం మళ్ళీ అతిథులొస్తున్నారు. మీరూ రండి. ఊచలు మాత్రం ముట్టుకోకండి.

మీ తమ్ముడి కూతురు