ఊడినట్లు గుర్తించడమైనది

అమ్మకు,

నమస్కరించి, రెండు చెవులూ పట్టుకుని రాస్తున్నాను. నేను కులాసా. నా మోకాలి నొప్పి నాకంటే కులాసా. నువ్వూ, నాన్నా, మీ బడి లైబ్రరీలో ఒక కాలు పొట్టిదైన ఆ పాత బల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం ఆలస్యమైనందుకు, కాగితం ఆఫీసుదైనందుకు, దాని వెనక "పాత బ్యాటరీకి కొత్త జన్మ" అని అచ్చువేసి ఉన్నందుకు, నా అక్షరాలు తడిసిన చీమల్లా ఉన్నందుకు, భూమ్మీద ఇప్పటిదాకా జరిగిన, ఇకపై జరగబోయే సకల అనర్థాలకూ సాష్టాంగపడి మన్నింపు కోరుతున్నాను. వీటిలో ఒక్కటీ నా తప్పు కాదు. ఆలస్యానికి పోస్టుమ్యాన్, కాగితానికి మేనేజరు, అక్షరాలకు చిన్నప్పుడు నువ్వు పట్టించిన బలపం బాధ్యులు.

ఇక నీ ప్రశ్నలు. వరసలోనే జవాబిస్తాను. నువ్వు పుస్తకాలు సర్దే మనిషివి, వరస తప్పితే ఊరుకోవు.

తింటున్నాను. వేళకే తింటున్నాను. ఈ జవాబు పోయిన మూడు ఉత్తరాల్లోనూ ఉంది, కావాలంటే తీసి చూసుకో.

మీ పిల్లలు వేసిన బ్యాటరీలు ఎక్కడికి పోతాయని అడిగావు. మీ గుమ్మం దగ్గరి ఆకుపచ్చ పెట్టెలోంచి మా వ్యాను ఎక్కి, నేను పనిచేసే రేకుల షెడ్డుకు వస్తాయి. వాటిని పొడుగాటి బల్ల మీద కుమ్మరించి, ఒక్కోదాని మీద పేరు చదివి, రకాలుగా ఏరుతాం. గోడగడియారాల్లో, టార్చిల్లో వేసేవి ఒక డ్రమ్ములోకి పోతాయి. వాటిని నుగ్గుచేసి ఇనుము వేరు, జింకు వేరు, నల్లపొడి వేరు చేస్తారు. కెమెరాల్లో వేసే లిథియం రకం ఇంకో డ్రమ్ములోకి. అవి కోపిష్టివి. చచ్చాయనుకున్నా లోపల కాస్త ప్రాణం ఉంటుంది. ఒకదాని కొన ఇంకోదానికి తగిలితే భగ్గుమంటాయి. కొనలకు టేపు వేయమని మేం ప్రాణం తీసేది అందుకే.

ఖర్చెవరిదన్నావు. బ్యాటరీలు అమ్మే కంపెనీలదే. అన్నీ కలిసి ఈ కార్యక్రమాన్ని పోషిస్తున్నాయి. పని మంచిదే, అందులో అబద్ధమాడను. కాకపోతే ఏదైనా తేడా వస్తే అది జనం తప్పయి ఉంటే బాగుండునని పోషించేవాళ్లకు ఒక చిన్న ముచ్చట. మా ప్రమాదాల ఫారంలో "కారణం" అన్నచోట మూడు గళ్లుంటాయి: ప్రజలు, రవాణా, కేంద్రం. "ప్రజలు" దగ్గర టిక్కు పెడితే కొత్త పోస్టరొకటి అచ్చవుతుంది, అంతటితో సరి. "కేంద్రం" దగ్గర పెడితే విచారణ.

మిగిలిన ప్రశ్న దగ్గరికొచ్చేసరికి కలం మొండికేసింది. లేచి టీ తాగొచ్చాను. ఇంకా మొండికేస్తూనే ఉంది.

మంట మాట నిజమే. పోయిన నెల, మధ్యాహ్నం భోజనాల వేళ లిథియం డ్రమ్ములోంచి పొగ లేచింది. బల్ల దగ్గర నా పక్కన నిలబడే పిన్ని (ఆవిడ షెడ్డులో అందరికీ పిన్నే, మేనేజరుకు కూడా) తింటున్న ముద్ద వదిలేసి పరుగెత్తుకొచ్చి ఇసుక బకెట్టు ఎత్తి పోసింది. మంట ఆరింది. ఆవిడ కుడిచేతి వేళ్లు రెండు కాలాయి. పుండు మానింది కానీ ఇప్పటికీ టేపు చివర గోటితో లేపలేకపోతోంది.

దాని తర్వాత మీకొచ్చిన ఉత్తరాన్ని నువ్వు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశావు. "మీ పెట్టె నుండి వచ్చిన బ్యాటరీలకు టేపు ఊడినట్లు గుర్తించడమైనది. ఒక కార్మికురాలు గాయపడినందున పెట్టె వాడకాన్ని నిలిపివేయడమైనది." దాని కింద నీ వ్యాఖ్య: "గుర్తించడమైనది అంటే ఎవరు గుర్తించార్రా? ఆ వాక్యంలో మనిషే లేడు. సంతకమేమో తొక్కిన బల్లిలా ఉంది. ఆ మహానుభావుడి చేత రోజుకో పేజీ కాపీ రాయించు."

చదివి నవ్వానమ్మా. నవ్వి, తర్వాతి పేరా చదివాను.

పెట్టెను గోడవైపు తిప్పి పెట్టానన్నావు. చూపు ఆనక ఎక్కడో టేపు సరిగా చుట్టకుండా వదిలేసి ఉంటాను, పాపం ఎవరి చేతులో కాల్చాను అన్నావు. ఇన్నేళ్లుగా అట్టలూడిన పుస్తకాలన్నిటికీ నీ చేతులతో బైండింగు చేసినదానివి, చిరిగినవన్నీ సంచిలో మూటకట్టి బయట ఎవరికో ఇవ్వబోతున్నావట. "మీరెందుకు కట్టరు టీచర్?" అని ఓ పిల్ల అడిగితే "నా కళ్లు మంచివి కావమ్మా" అన్నావట.

నీ కళ్లకేం రాలేదు.

నిన్న పిన్ని టిఫిను డబ్బా కడుక్కుంటూ అంది: "ఒరే జోకరూ, మీ అమ్మ చేతి కట్టు నాకు తెలీదా? గోధుమరంగు గుడ్డ టేపు, పుస్తకాలకు వేసేది. రెండు చుట్లు. పళ్లతో లాగినా రాదు. అది దానంతటదే ఊడిందని రాసినోడి నోట్లో మన్నుపడ!"

"జిగురు పాతదేమోలే పిన్నీ."

"జిగురు పాతదా, రాసినోడి బుద్ధి పాడుదా?" అని నా మొహంలోకి చూసింది. నాకు జోకు తోచలేదు. నీ కొడుక్కి జోకు తోచకపోవడం నువ్వెప్పుడైనా చూశావా?

నీ కట్టులో ఉన్నది ఒకటే ఇబ్బంది. కొనలతో ఆగవు. పుస్తకానికి వీపు కట్టినట్టు ఒళ్లంతా చుట్టేస్తావు. మీద పేరు కనబడదు, ఏ రకమో తెలీదు. అలాంటివి వస్తే విప్పి, చూసి, కొనలకు కొత్త టేపు వేసి అప్పుడు డ్రమ్ములో వేయాలి. అది మా రూలు. ఆ రోజు మీ పెట్టె నా వాటాకు వచ్చింది. పిన్ని భోజనానికి వెళ్లింది. నాకూ ఆకలేసింది. ఇందాక వేళకే తింటున్నానని రాశానే, ఆ రోజూ వేళకే తిన్నాను.

"ప్రజలు" దగ్గర టిక్కు పెట్టిన చెయ్యి నాది. మీకొచ్చిన ఉత్తరం కింద తొక్కిన బల్లీ నాదే.

పెట్టెను ఇటు తిప్పమ్మా. ఆ సంచి ఇంకా గుమ్మం దాటకపోతే మూట విప్పు. ఆ వాక్యంలో మనిషి లేడన్నావు కదా, మనిషిని పెట్టి మళ్లీ రాశాను. ఒక ప్రతి పొద్దున మేనేజరు బల్ల మీద పెట్టాను, ఒకటి పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ విని, టేపు చుట్ట నా వైపు జరిపింది. ఇది నీ ప్రతి:

టేపు ఊడలేదు. నేను ఊడదీశాను. మళ్లీ వేయలేదు.

ఇట్లు,
నీ కొడుకు
(ఈసారి గుండ్రంగా రాశాను, చూడు)